మోటారు ఉన్నా... బకెట్ ఉండాల్సిందే!

తెరచాప పడవ కొనేవాళ్లు చాప గురించి వంద ప్రశ్నలు అడుగుతారు. అడుగున నక్కి ఉండే చిన్న పంపు గురించి ఒక్కటీ అడగరు. కానీ గండం వచ్చిన రోజున పడవలోని వాళ్లకు కాస్త వ్యవధి ఇచ్చేది అదే!

1979 ఆగస్టు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని కౌస్ నుంచి 303 తెరచాప పడవలు పందేనికి బయల్దేరాయి. ఐర్లండ్ దగ్గరున్న ఫాస్ట్‌నెట్ రాతిదీవిని చుట్టి ప్లిమత్ చేరాలి. దారిలో తుపాను విరుచుకుపడింది. 15 మంది పోటీదారులు ప్రాణాలు కోల్పోయారు. ఇక లాభం లేదనుకుని 24 పడవలను వదిలేశారు. తీరా చూస్తే వాటిలో మునిగింది అయిదే. మిగతా 19 తర్వాత దొరికాయి! పడవ చివరిదాకా తేలాలనే చూస్తుంది. దానికి సాయం చేయడమే పంపు పని.

నీళ్లు ఎక్కణ్నుంచి?

హుస్సేన్‌సాగర్ పోటీల్లో కనిపించే లేజర్ పడవలకు ఈ బాధ లేదు. లోపలికి చేరిన నీటిని పడవ వేగమే అడుగు రంధ్రం గుండా బయటికి లాగేస్తుంది. గది, ఇంజిను ఉన్న పాతిక అడుగుల పడవ సంగతి అలా కాదు. వాన నీరు, అలల తుంపర, ప్రొపెల్లర్ ఇరుసు చుట్టూ కారే చుక్కలు... అన్నీ అడుగునున్న పల్లంలోకే చేరతాయి. ఆ పల్లాన్ని నావికులు 'బిల్జ్' అంటారు. అందుకే ఇది బిల్జ్ పంపు.

అట్ట మీది అంకె నమ్మొద్దు

ఎయిర్ కూలర్‌లో నీళ్లలో మునిగి పనిచేసే మోటారును చూసే ఉంటారు. ఇది దానికి అన్నలాంటిది. 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. అట్టపెట్టె మీద '500' అని ఉంటే గంటకు 500 అమెరికా గ్యాలన్లని అర్థం. అంటే నిమిషానికి సుమారు 31 లీటర్లు. నీటిని పైకెత్తే పని లేనప్పటి లెక్క అది. పడవలోనేమో మీటరు ఎత్తుకు తోడాలి. గొట్టం మలుపులు తిరగాలి. బ్యాటరీ నీరసపడుతుంది. చివరికి సగమే దక్కొచ్చు.

ఇప్పుడు లోపలికొచ్చే నీటి లెక్క చూద్దాం. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల కింద ఒకటిన్నర అంగుళాల గొట్టం ఊడిందనుకోండి. నిమిషానికి దాదాపు 140 లీటర్లు వచ్చిపడతాయి. అంటే ఏడు వాటర్ క్యాన్లు! 500 రకం పంపు ఏ మూలకు? 2,000 గ్యాలన్లదైనా కష్టమే. అందుకే పడవలో పట్టేంత పెద్ద పంపు కొనాలి. అయినా దాని మీదే భారం వేయకూడదు. ముందు కన్నం మూయాలి. అడుగున ఉన్న ప్రతి రంధ్రం పక్కనా దానికి సరిపడే మెత్తని కర్ర బిరడా కట్టి ఉంచుతారు. ఆ బిరడా దిగ్గొట్టేంత సమయాన్నే పంపు ఇస్తుంది.

బిగించడంలోనే కిటుకు

* పంపు అన్నిటికన్నా పల్లంలో ఉండాలి. జల్లెడ శుభ్రం చేసేందుకు చెయ్యి అందాలి. వెంట్రుకలు, రంపపు పొట్టు, కాగితం ముక్కలు దానికి శత్రువులు.

* గొట్టం లోపల నున్నగా ఉండాలి. ముడతల గొట్టం ధారను తగ్గిస్తుంది.

* గాలికి పడవ పక్కకు ఒరిగినప్పుడు కూడా నీళ్లు వదిలే రంధ్రం సముద్రమట్టానికి పైనే ఉండాలి. లేదంటే పైపు పెట్టి డ్రమ్ములోంచి నీళ్లు లాగినట్టు సముద్రమే లోపలికొస్తుంది! గొట్టాన్ని పైదాకా ఎత్తి వంపు తిప్పి, ఆ వంపు మీద గాలి పీల్చే కవాటం పెట్టేది ఇందుకే.

* నీరు పెరగ్గానే మోటారును నడిపేందుకు ఫ్లోట్ స్విచ్ కావాలి. మెయిన్ స్విచ్‌తో సంబంధం లేకుండా దాని తీగ ఫ్యూజు మీదుగా నేరుగా బ్యాటరీకి వెళ్లాలి. యజమాని తాళం వేసుకుని వెళ్లాక కూడా పంపు పనిచేయాలి కదా!

* ఫ్యూజు మాత్రం పంపు తయారీదారు చెప్పినంతే. చెత్త ఇరుక్కుని మోటారు ఆగినప్పుడు తీగ కాలకుండా కాపాడేది అదే. తీగల అతుకులు నీటికి అందనంత ఎత్తులో ఉండాలి.

చేతి పంపు మరవొద్దు

దానంతటదే నడిచే పంపుతో ఓ చిక్కుంది. ఎక్కడో కారుతున్న నీటిని అది గుట్టుగా తోడేస్తుంటే, యజమానికి అంతా బాగున్నట్టే ఉంటుంది. 2 ఆంపియర్లు తీసుకునే పంపు ఆగకుండా నడిస్తే, 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ లెక్క ప్రకారమే 30 గంటలకు ఖాళీ. ఆ తర్వాత రేవులో కట్టేసిన పడవ కట్టేసినట్టే మునిగిపోవచ్చు. అందుకే పంపుతో పాటు నీటిమట్టం పెరిగితే మోగే అలారమూ పెట్టించుకోవాలి.

దూర సముద్ర పందేల అంతర్జాతీయ నిబంధనలైతే కరెంటును నమ్ముకోవు. చేతి పంపులు రెండుండాలి. ఒకటి తలుపులన్నీ మూసేసినా పై నుంచి కొట్టగలగాలి, రెండోది లోపలి నుంచి. వాటితో పాటు కనీసం 9 లీటర్లు పట్టే గట్టి బకెట్లు రెండు. భయపడ్డ మనిషి చేతిలోని బకెట్‌ను మించిన పంపు లేదని నావికుల్లో ఓ పాత మాట!

నెలకోసారి పడవ అడుగున బకెట్ నీళ్లు పోసి చూడండి. పంపు దానంతటదే నడిస్తే సరే. ఆ బకెట్‌ను మాత్రం ఇంటికి తీసుకెళ్లకండి... పడవలోనే ఉంచండి!