కీహోల్ సర్జరీ: జీర్ణాశయంలోకి గాలి ఎలా చేరుతుంది?

గాల్‌బ్లాడర్ రాళ్లకు కీహోల్ సర్జరీ అనగానే "పొట్టలో గ్యాస్ నింపుతారట కదా" అని అడుగుతారు. నిజమే. కానీ ఇందులో రెండు సంగతులున్నాయి.

మొదటిది సర్జన్ కావాలని పంపే కార్బన్ డయాక్సైడ్. సాధారణంగా 12-15 మిల్లీమీటర్ల మెర్క్యురీ ఒత్తిడితో నింపి పొట్ట గోడను పైకి లేపుతారు. ఇది జీర్ణాశయానికి బయట ఉంటుంది. ఆపరేషన్ తర్వాత వచ్చే భుజం నొప్పికి చాలావరకు కారణం ఇదే. వాము నీళ్లతో పోయేది కాదు, కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది.

రెండోది ఎవరూ కోరుకోనిది. మత్తు ఇచ్చేటప్పుడు జీర్ణాశయం లోపలికి చేరే గాలి.

నరం ద్వారా మత్తుమందు, కండరాలు వదులయ్యే మందు ఎక్కించాక మనిషి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. శ్వాసనాళంలో ట్యూబ్ వేసేదాకా ముఖానికి మాస్క్ పెట్టి, బ్యాగ్ నొక్కుతూ ఆక్సిజన్ అందిస్తారు. మెల్లగా నొక్కితే అది ఊపిరితిత్తుల్లోకే పోతుంది. ఒత్తిడి సుమారు 20 సెంటీమీటర్ల నీటిమట్టం దాటితే అన్నవాహిక గుండా జీర్ణాశయంలోకీ జారుతుంది.

జీర్ణాశయం ఉబ్బితే సర్జన్‌కు గాల్‌బ్లాడర్ సరిగా కనపడదు. మొదటి పరికరం గుచ్చేటప్పుడు దానికి దెబ్బ తగలొచ్చు. అన్నిటికంటే పెద్ద భయం, లోపలున్నది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోవడం.

అందుకే కడుపు ఖాళీగా లేదని అనుమానం వస్తే మత్తు డాక్టర్ పద్ధతి మారుస్తారు. ముందు మూడు నిమిషాలు ఆక్సిజన్ పీల్పించి, మందులు వెంటవెంటనే ఇచ్చి, వీలైనంతవరకు బ్యాగ్ నొక్కకుండానే ట్యూబ్ వేస్తారు. దీన్నే రాపిడ్ సీక్వెన్స్ ఇండక్షన్ అంటారు. ట్యూబ్ ఆలస్యమైతే ఆక్సిజన్ పడిపోయే ముప్పుంది కాబట్టి ఇది అందరికీ చేయరు. గాలి చేరినా, నోటి గుండా సన్నటి గొట్టం వేసి తీసేయవచ్చు.

ఏ పద్ధతి మంచిదో డాక్టర్ తేల్చుకోవాలంటే మనం నిజం చెప్పాలి. అమెరికాలో సాధారణ నియమం ప్రకారం నీళ్లు 2 గంటల ముందు ఆపాలి. పాలు, తేలికపాటి తిండి 6 గంటలు, నూనె వంటకాలు 8 గంటల ముందే ఆపాలి. పాలు పోసిన టీ నీళ్ల కింద లెక్కకు రాదు, మజ్జిగా అంతే. మీ ఆసుపత్రి వేరే సమయం చెబితే అదే పాటించండి.

షుగర్, గుండెల్లో మంట, ఓజెంపిక్ లాంటి ఇంజెక్షన్లు ఉంటే ముందే చెప్పండి. చూడడానికొచ్చిన అమ్మానాన్నలకు ఆపరేషన్ పడితే తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. "పొద్దున కాస్త టీ తాగాను" అన్న మాట మత్తు డాక్టర్ దాకా చేరాలి.