మీకు తెలుసా? బైపాస్‌లో కాలి సిరను తిప్పి కుడతారు

గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనులు మూడూ కొవ్వు పేరుకొని పూడుకుపోయినప్పుడు, లేదా ఎడమవైపు ప్రధాన ధమని మొదట్లోనే బాగా ఇరుకైనప్పుడు, అడ్డంకిని కదపకుండా దానికి ఆవల రక్తం చేరేలా కొత్త దారి కుట్టే శస్త్రచికిత్సను బైపాస్ అంటారు. ఇందుకు తరచుగా వాడేది చీలమండ నుంచి గజ్జ వరకు చర్మం కింద సాగే పొడవైన సిర. సిరల్లో రక్తాన్ని ఒకే దిశలో పోనిచ్చే కవాటాలు ఉంటాయి కనుక, అవి ప్రవాహానికి అడ్డుపడకుండా చీలమండ వైపు కొసను బృహద్ధమనికి, గజ్జ వైపు కొసను కరోనరీ ధమనికి వచ్చేలా తిప్పి, వెంట్రుకంత సన్నని దారంతో కుడతారు.

అర్జెంటీనాకు చెందిన రెనే ఫవలోరో 1967లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో ఈ పద్ధతికి స్థిరత్వం తెచ్చారు. అంతకు మూడేళ్ల ముందే, 1964లో, లెనిన్‌గ్రాడ్‌లో వాసిలీ కొలెసోవ్ రొమ్ము ఎముక వెనుక సాగే రొమ్ము ధమనిని కొట్టుకుంటున్న గుండెపైనే కరోనరీ ధమనికి కలిపారు. ఆయనకు దక్కవలసిన గుర్తింపు అప్పట్లో దక్కలేదనే చెప్పాలి. తక్కువ పీడనానికి అలవాటుపడిన సిర గోడలు ధమని పీడనానికి మందమెక్కడంతో ఇలా కుట్టిన సిరల్లో దాదాపు సగం పదేళ్లలో మూసుకుపోతుండగా, రక్తనాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను లోపొర నుంచి ధారాళంగా విడుదల చేసే రొమ్ము ధమని పదిమందిలో తొమ్మిదిమందికి అప్పటికీ తెరిచే ఉంటుంది. అందుకే గుండె ముందుభాగానికి రక్తమిచ్చే కీలకమైన ధమనికి నేటి శస్త్రవైద్యులు సాధారణంగా ఎడమ రొమ్ము ధమనినే కలుపుతున్నారు.