మొదటి కూర్పునకే యింత కాలమా?

అచ్చుకూటములతో పరిచయము గలవారికి “ప్రథమ ముద్రణము” అను మాట యెంత బరువైనదో తెలియును. ప్రూఫులు ఎన్నిమారులు దిద్దినను, చిత్తుప్రతులు ఎందరు మిత్రులకు చూపినను, ఆ మాట లోపలి పుటపై పడువరకు గ్రంథము వెలువడినట్లు కాదు. 2001వ సంవత్సరమున పని మొదలై, 2024 ముగియునాటికిని ఆ మాట పడని కృతి యొకటి కలదు. అది గ్రంథము కాదు. కంప్యూటరును నడపు ఆపరేటింగ్ సిస్టము. దాని పేరు హైకూ. జీతము లేని పనివారు, వేర్వేరు దేశములనుండి, తీరిక వేళలయందు దానిని నిర్మించుచు వచ్చిరి. ఇందరు కలిసి యిన్నాళ్లు చేసిన పనికి ఇంకను “మొదటి కూర్పు” అను పేరు రాకపోవుటకు కారణమేమి? సోమరితనము మాత్రము కాదు.

కథ మరియొక సంస్థతో మొదలగును. ఆపిల్ సంస్థలో ఉన్నతోద్యోగము చేసి బయటికి వచ్చిన ఝాఁ లూయీ గాసే అను ఫ్రెంచివాడు 1990లో అమెరికాయందు “బీ” అను కంపెనీని స్థాపించెను. పాత బరువులేవియు మోయకుండ, బొమ్మలు, పాటలు, చలనచిత్రములు తడబాటు లేకుండ నడపగల క్రొత్త సిస్టమును వ్రాయింపవలెనని ఆయన సంకల్పము. అట్లు పుట్టినదే బీఓఎస్. 1996లో ఆపిల్ సంస్థ తనకొక క్రొత్త సిస్టము కావలెనని వెదకుచు దీనిని కొనుటకు సంప్రదింపులు జరిపెను. వెల కుదరలేదు. ఆపిల్ వారు స్టీవ్ జాబ్స్ నడపుచున్న నెక్‌స్ట్ కంపెనీని కొనిరి; తరువాతి చరిత్ర లోకమెరిగినదే. బీ కంపెనీ క్షీణించి, 2001 ఆగస్టులో తన సొత్తును పామ్ అను కంపెనీకి 1 కోటి 10 లక్షల డాలర్లకు విక్రయించుటకు ఒప్పుకొనెను. బీఓఎస్ ఐదవ కూర్పే చివరిది కాగలదని దాని నభిమానించువారికి తేలిపోయెను.

ఇంటి యజమాని యిల్లమ్ముకొని పోయినపుడు అద్దెకున్నవారేమి చేయుదురు? మరియొక యిల్లు చూచుకొందురు. వీరట్లు చేయలేదు. అదే కొలతలతో, అవే గదులతో, తలుపులు సయితము అదే వైపున తెరచుకొనునట్లు, తమ చేతులతో క్రొత్త యిల్లు కట్టుకొనవలెనని తలపెట్టిరి. ఆ నెలలోనే, మైకేల్ ఫిప్స్ అనునతడు ముందు నిలువగా, “ఓపెన్ బీఓఎస్” అను పేర పని యారంభమయ్యెను. పాతపేరుపై హక్కు పరులది గనుక 2004లో పేరు మార్చుకొనవలసి వచ్చినది. బీఓఎస్‌లోని వెబ్ చూపరి, పుట దొరకనపుడు విసుగు పుట్టించు యంత్రభాషకు బదులు చిన్న హైకూ నొకదానిని తెరపై చూపెడిది. ఆ ముచ్చటను తలచుకొని పెట్టినదే యీ నామము. మూడు పాదములలో ముగియు కవిత పేరు, ఇరువది యేండ్లకును ముగియని పనికి తగులుకొనుట వింతయే.

ఇక వారు తమకు తాము విధించుకొన్న నియమము మాట. మొదటి కూర్పు బీఓఎస్ ఐదవ కూర్పునకు సరిసమానముగా నుండవలెను. నాటి ప్రోగ్రాములు మార్పేదియు లేకుండ, తిరిగి వ్రాయకుండ, నేరుగా దీనిపై నడవవలెను. ఈ నియమమెంత కఠినమో ఉపాధ్యాయులు తేలికగా గ్రహింపగలరు. ఒక పాఠ్యపుస్తకమునకు బజారులో గైడు కలదనుకొనుడు. “45వ పుట, 3వ పంక్తి చూడుడు” అని గైడు చెప్పును. పాఠ్యపుస్తకమును తిరుగ వ్రాయువాడు అర్థము చెడకుండ వ్రాసిన చాలదు. ఆ 45వ పుటలో ఆ 3వ పంక్తియందు అదే విషయము ఉండునట్లు వ్రాయవలెను. లేనిచో గైడు పనికిరాదు. పాత ప్రోగ్రాములు ఆ గైడు వంటివి. అవి అర్థమును జూడవు, స్థానమును జూచును.

దీనివలన వచ్చిన చిక్కు ఒకటి చెప్పదగినది. మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రమునకు తెలియు సంకేతములుగా మార్చు సాధనమును కంపైలరు అందురు. బీఓఎస్ ప్రోగ్రాములు జీసీసీ అను కంపైలరు యొక్క 2.95 తరగతితో తయారైనవి. అది 1999 నాటిది. జీసీసీ మూడవ తరగతిలో ఆ స్థానముల యేర్పాటే మారిపోయినది. కావున పాత మాట నిలుపుకొనుటకు హైకూవారు ఆ ముదుసలి కంపైలరును కాపాడుకొనుచు, నేటి ప్రోగ్రాములకై క్రొత్తదానిని ప్రక్కన నిలిపి, 32 బిట్ల సిస్టములో రెంటిని ఒకే కప్పు క్రింద కాపురముంచిరి. 64 బిట్ల రూపమునకు మాత్రము ఈ నిర్బంధము లేదు. పాత ప్రోగ్రాములు దానిపై నడవనే నడవవు.

అంతయు తామే వ్రాయవలెనను పంతము వారికి లేకపోవుట మెచ్చదగినది. సిస్టమునకు గుండెకాయ వంటి కెర్నెలును, బీ కంపెనీలో పనిచేసిన ట్రావిస్ గైసెల్‌బ్రెక్ట్ రచించిన న్యూఓఎస్ నుండి గ్రహించి పెంచిరి. నెట్‌వర్కు డ్రైవర్లను ఫ్రీబీఎస్‌డీ నుండి, తరువాత ఓపెన్‌బీఎస్‌డీ నుండి తెచ్చుకొనిరి.

తొలి ఆల్ఫా విడుదల 2009 సెప్టెంబరున వచ్చినది. ఆల్ఫా యనగా చిత్తుప్రతి. బీటా యనగా సరిచూచుటకు పదుగురి చేతికిచ్చు ప్రతి. 2010లో రెండవది, 2011లో మూడవది, 2012 నవంబరున నాల్గవది వెలువడెను. తరువాత విడుదలలు నిలిచిపోయినవి. మొదటి బీటా చూచుటకు 2018 సెప్టెంబరు దాక వేచియుండవలసి వచ్చెను. ఈ ఆరేండ్ల విరామమునందే అసలు విషయమున్నది.

2013లో వారు ప్యాకేజీల పద్ధతిని సిస్టములో చేర్చిరి. ప్రోగ్రామంతయు ఒకే కట్టగా నుండును. కట్టను నియమితమైన ఫోల్డరులో నుంచినచో ప్రోగ్రాము కనబడును; తీసివేసినచో జాడ లేకుండ పోవును. ఏదైన మార్పు వలన యంత్రము మొరాయించినచో, ప్రారంభమునందే వెనుకటి స్థితిని ఎన్నుకొని నడపవచ్చును. అందమైన యేర్పాటు. కాని బీఓఎస్‌లో ఇది లేదు! సరిసమానముగా కట్టెదమన్నవారు మేడమీద మరియొక గది వేసిరన్నమాట. ఆ గదికై గోడలన్నియు కదలినవి. కట్టలను తయారుచేయు యంత్రములు, వాటినుంచు భాండారము, పాత ప్రోగ్రాములను క్రొత్త పద్ధతికి మార్చుట — ఇన్నియు కుదిరిన పిమ్మటగాని బీటా రాలేదు. ఈ ఆలస్యమును తప్పుపట్టినవారు కలరు. అయినను ఆ మార్పును చివరకు వాయిదా వేసియుండినచో, అప్పటికి విడుదలైన వానినన్నిటిని మరల విప్పవలసి వచ్చెడిది. పునాది పని ముందే చేయుట మేలని తోచుచున్నది.

అటుపై నడక కుదుటబడెను. 2020, 2021, 2022లలో ఒక్కొక్క బీటా, 2024 సెప్టెంబరున ఐదవది వచ్చినవి. చందాలతో నడచు హైకూ సంఘము 2021 నుండి ఒక ప్రోగ్రామరును పూర్తికాలపు పనికి నియమించుట ఈ స్థిరత్వమునకు తోడ్పడినది. ఐదవ బీటా నడచుటకు 384 మెగాబైట్ల మెమరీ చాలును. విండోస్ 11 కనీసము 4 గిగాబైట్లు కోరును. అనగా పదింతలకు పైమాట. ఎవరో మూలపడవేసిన కంప్యూటరు సయితము దీనితో లేచి కూర్చుండుట కలదు.

విడుదలల పథకము ఎట్లు వేయుదురు? జీతమిచ్చు కంపెనీలో తేదీ ముందు, పని తరువాత. స్వచ్ఛందముగా వచ్చినవానికి “శుక్రవారమునాటికి ముగింపుము” అని ఆజ్ఞాపించువాడెవడు? అందుచేత వారు తేదీలను గాక దోషములను లెక్కింతురు. తెలిసిన ప్రతి లోపమునకును ఒక చీటీ యుండును. దానిపై ఏ విడుదలకు ముందు దిద్దవలెనో వ్రాయబడును: వచ్చు బీటాయా, మొదటి కూర్పా, రెండవ కూర్పా. విడుదలకు కొన్ని వారములు ముందు మూలప్రతినుండి ఒక శాఖను వేరుచేసి, దానిలో దిద్దుబాటులు తప్ప నూతన కల్పనలు చేరకుండ తలుపు మూయుదురు.

ఊహాశాలురను ఆపుట మరింత కష్టము. తొలి యేండ్లలోనే రెండవ కూర్పునకు సంబంధించిన కలలను చర్చించుటకు “గాజు లిఫ్టు” అను అర్థమిచ్చు పేరుతో వేరొక వేదిక నేర్పరచిరి. ఆకాశమున కెగయదలచినవారు అక్కడ ఎగయవచ్చును; మొదటి కూర్పు కట్టువారి చేయి పట్టి లాగరాదు. ఈ ఏర్పాటులో లోకజ్ఞత కలదు.

అయినను పాత వాదము తెగలేదు. ఐదవ బీటాకే మొదటి కూర్పని పేరు పెట్టినచో నష్టమేమని కొందరందురు. దినదినము 64 బిట్ల రూపమును వాడుకొనువారికి 2000 నాటి ప్రోగ్రాములతో పనిలేదు గదా! దీనికి బదులు చెప్పుట తేలిక కాదు. నియమము మొదట లక్ష్యముగా పుట్టి, నేడు ఏది చేయరాదో చెప్పు కట్టుబాటుగా మిగిలినదని అనవచ్చును. కాని మరియొక ప్రక్కయు కలదు. బీటాలో దోషమున్నచో “ఇది బీటాయే గదా” యని వాడుకరి క్షమించును. మొదటి కూర్పు అను ముద్ర వేసిన మరునాటినుండి దానిని మార్పులేకుండ నిలుపుచు, భద్రతాలోపములను మాత్రము ఏండ్ల తరబడి దిద్దుచు, అదే సమయమున రెండవ కూర్పును వేరుగా కట్టుచు రావలెను. అప్పుడు పని రెండింతలగును. చేతులు మాత్రము అవియే. ఆ పాత కూర్పు కావలిని సాయంకాలపు తీరికలో ఎవరు కాయుదురను ప్రశ్నకు జవాబు ఏ చీటీపైనను వ్రాసి లేదు.