యూజర్ చుట్టూ గీసిన గిరి

1963లో మెల్విన్ కాన్వే ఒక పరిశోధన పత్రంలో ఫోర్క్ అనే ప్రక్రియను వివరించారు. నడుస్తున్న ప్రోగ్రాము ఉన్నచోటే రెండుగా చీలుతుంది, రెండు పాయలూ ఒకేసారి ముందుకు సాగుతాయి. బర్క్‌లీలో తయారైన ఒక టైమ్‌షేరింగ్ వ్యవస్థ మీదుగా ఆ ఆలోచన బెల్ ల్యాబ్స్‌కు చేరింది. పీడీపీ-7 యంత్రం మీద పుట్టిన తొలి యూనిక్స్‌లో దాన్ని చేర్చడానికి సరిగ్గా 27 వరుసల అసెంబ్లీ కోడ్ సరిపోయిందని డెనిస్ రిచీ తర్వాత రాశారు.

అంత తేలిగ్గా దొరికిన ఆ శక్తికి మొదట్లో కళ్లెం లేదు. ప్రతి ప్రాసెస్‌కూ కెర్నెల్ తన పట్టికలో ఒక గడి కేటాయించాలి. ఆరో ఎడిషన్ యూనిక్స్‌లో యంత్రం మొత్తానికీ ఉన్నవి 50 గడులే. ఒకరి లూపు అదుపు తప్పి నకళ్లను పుట్టిస్తూ పోతే పట్టిక నిండిపోతుంది, పక్క టెర్మినల్ దగ్గర కూర్చున్నవారికి చిన్న కమాండ్ కూడా నడవదు. యూనిక్స్ భద్రత మీద రాసిన చిన్న పత్రంలో రిచీ ఈ లోపాన్ని దాచకుండా చెప్పారు.

1979 నాటి ఏడో ఎడిషన్‌లో యూజర్‌కు 25 ప్రాసెస్‌లే అన్న హద్దు కనిపిస్తుంది. అంకె కన్నా ఫోర్క్ కోడ్‌లోని షరతులు చదవదగ్గవి. గడులే లేకపోతే ఎవరికీ కొత్త ప్రాసెస్ లేదు. సూపర్‌యూజర్ కానివారు హద్దు దాటితే లేదు. సూపర్‌యూజర్ కానివారు పట్టికలో ఆఖరి గడిని అడిగినా లేదు. ఈ మూడో షరతంటే నాకు ఎంతో గౌరవం. అదుపు తప్పిన ప్రాసెస్‌లను చంపాలంటే కిల్ కమాండ్ నడవాలి, ఆ కమాండ్ కూడా ఒక ప్రాసెసే. దానికి చోటు లేకపోతే కరెంటు తీసేయడమే దిక్కు. ఆపద వేళ యంత్రం ముందు కూర్చోబోయే మనిషిని ఊహించుకుని రాసిన షరతు అది.

తర్వాత బీఎస్‌డీ యూనిక్స్‌లో ఈ హద్దు రెండు అంచెలైంది. మెత్తని హద్దును యూజర్ తానే పెంచుకోవచ్చు, కానీ గట్టి హద్దు దాకానే. లినక్స్ కూడా ఆ పద్ధతినే తీసుకుంది. షెల్‌లో యూలిమిట్ కమాండ్ చూపేది ఈ అంకెనే.

అయితే లెక్కపెట్టే వస్తువు మాత్రం మారిపోయింది. లినక్స్ ఈ హద్దు కింద ప్రాసెస్‌లతో ఆగదు, వాటి లోపలి థ్రెడ్‌లను కూడా ఒక్కొక్కటిగా లెక్కిస్తుంది. మామూలు పీఎస్ జాబితా ఇళ్లను చూపిస్తుంటే, కెర్నెల్ ఆ ఇళ్లలోని మనుషులను లెక్కిస్తోందన్నమాట. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 6 మామూలు యూజర్‌కు పెట్టిన మెత్తని హద్దు 1024. వందల థ్రెడ్‌లు తెరిచే జావా సర్వర్లు రెండు మూడు ఒకే ఖాతా కింద నడిస్తే అది ఇట్టే నిండేది. జావా అప్పుడు కొత్త థ్రెడ్ పుట్టించలేకపోయానంటూనే, ఆ మాటకు ముందు మెమరీ అయిపోయిందన్న పేరు తగిలిస్తుంది. అది నమ్మి ర్యామ్ పెంచితే ఫలితం ఉండదు. కొరత మెమరీది కానప్పుడు ఎంత పోసినా అంతే. చనిపోయినా తల్లి ప్రాసెస్ పట్టించుకోక మిగిలిపోయిన జాంబీలు కూడా ఆ ఖాతాలోనే పడతాయి.

ఈ హద్దు ఒకసారి భద్రతకే ఎసరు పెట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏడీబీ సేవ రూట్‌గా మొదలై, తర్వాత షెల్ అనే మామూలు యూజర్‌గా దిగిపోవాలి. 2010లో వెలుగుచూసిన ఒక దాడి ముందుగా షెల్ ఖాతాను ప్రాసెస్‌లతో నింపేసేది. ఏడీబీ మళ్లీ మొదలై కిందికి దిగబోతే, హద్దు నిండిందని కెర్నెల్ కాదనేది. ఆ నిరాకరణను ఏడీబీ చూసుకోలేదు. రూట్‌గానే ఉండిపోయింది! 2011లో లినక్స్ 3.1 ఈ తనిఖీని యూజర్ మారే చోటు నుంచి కొత్త ప్రోగ్రాము ఎక్కించే చోటుకు మార్చింది.

ఇప్పుడు సర్వర్ ఫోర్క్ కుదరదంటే, చూడాల్సింది సెట్టింగుల ఫైలులో రాసిన అంకె కాదు. ఆ ఫైలు వర్తించేది కొత్తగా లాగిన్ అయ్యేవారికే. సిస్టమ్‌డీ లేపిన సేవలు ఆ దారిన రావు, వాటి హద్దు వాటి యూనిట్ ఫైలులో ఉంటుంది. నడుస్తున్న ప్రాసెస్‌కు నిజంగా వర్తించే హద్దు ప్రాక్ డైరెక్టరీలో, దాని నంబరు కింద లిమిట్స్ అనే ఫైలులో దొరుకుతుంది. దాని పక్కన ఆ యూజర్ పేరిట ఉన్న థ్రెడ్‌లన్నిటి మొత్తాన్ని పెట్టి చూడాలి.

రెండిటి మధ్య బోలెడంత ఖాళీ ఉన్నా ఫోర్క్ విఫలమవుతుంటే మరో గిరి ఉన్నట్టు. 2015లో లినక్స్ 4.3తో వచ్చిన సీగ్రూప్ హద్దు యూజర్‌ను చూడదు, సేవల గుంపును చూస్తుంది. సిస్టమ్‌డీ టాస్క్స్‌మ్యాక్స్ పేరుతో దాన్నే వాడుతుంది. కొన్ని వెర్షన్లలో సేవలకు దొరికే 4915 అన్న వింత అంకె 32768లో 15 శాతం. ఆ గుంపు డైరెక్టరీలోని పిడ్స్ ఈవెంట్స్ ఫైలు, ఈ హద్దు తగిలి ఎన్నిసార్లు ఫోర్క్ ఆగిపోయిందో చెబుతుంది. అక్కడ సున్నా ఉంటే వెతుకులాట యంత్రం మొత్తానికి ఉండే పిడ్ హద్దు వైపు మళ్లుతుంది.