అందానికి పెట్టిన పేరు... మాఫియా!

పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పేపరు తిరగేస్తే చాలు... ఇసుక మాఫియా, భూ మాఫియా, మద్యం మాఫియా! ఆఖరికి పిల్లలు కూడా "మా క్లాసులో లాస్ట్ బెంచీ మాఫియా ఉందమ్మా" అనేస్తున్నారు. ఇంతగా నోళ్లలో నానుతున్న ఈ మాట ఎక్కడ పుట్టిందో, దాని అసలు అర్థమేమిటో ఎప్పుడైనా ఆలోచించారా? వింటే నమ్మరు గానీ, ఒకప్పుడు అది చక్కని పిల్లను మెచ్చుకునే మాట!

చీపుర్లకీ అదే మాట

పటంలో ఇటలీ దేశం పొడవాటి బూటులా ఉంటుంది కదండీ. ఆ బూటు కొనకు ఎదురుగా సముద్రంలో ఉన్న పెద్ద దీవి సిసిలీ. దాని ముఖ్యపట్టణం పలెర్మో. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ జ్యుసెప్పె పిత్రె అనే డాక్టరుగారు ఒకవైపు రోగులను చూస్తూనే, మరోవైపు జనం పాటలు, సామెతలు, ఆచారాలు సేకరించేవారు. పలెర్మోలోని ఒక పేటలో 'మాఫియా' అంటే అందం, ఠీవి, మేలురకం అని అర్థమని ఆయన రాశారు. చలాకీగా, కళగా ఉండే అమ్మాయిని ఆ మాటతోనే మెచ్చుకునేవారు. పేదవాళ్ల చిన్న ఇల్లయినా శుభ్రంగా, పొందికగా ఉంటే దానికీ అదే మెప్పు. వీధిలో చీపుర్లమ్మేవాళ్లు కూడా తమ సరుకు గొప్పదని ఆ మాటే కేకేసి అమ్మేవారట!

1282లో ఫ్రెంచివారి మీద సిసిలీ జనం తిరగబడినప్పుడు వారి నినాదంలోని మొదటి అక్షరాలు కలిపితే ఈ మాట వచ్చిందని ఒక కథ చెబుతారు. అది కట్టుకథేనండీ. ఆ కాలపు రాతల్లో ఈ మాట ఎక్కడా కనబడదు.

నాటకంతో చెడ్డపేరు

మరి మంచిమాటకు ఈ గతి ఎలా పట్టింది? 1863లో పలెర్మో జైల్లోని రౌడీ ఖైదీల మీద ఒక నాటకం వచ్చింది. దాని పేరులో ఈ మాట ఉంది. నాటకం బాగా ఆడింది, ఊరూరా తిరిగింది. దాంతో 'మాఫియా' అంటే దందా చేసే ముఠా అన్న అర్థం జనంలో పాకింది. రెండేళ్లకే, 1865లో, పలెర్మో జిల్లా పెద్ద అధికారి ప్రభుత్వానికి పంపిన నివేదికలోకి ఎక్కింది.

నిమ్మతోటలో ముఠా

ముఠా మాత్రం నాటకంలోది కాదు, నిజంగానే ఉంది. ఎక్కడో తెలుసా? మనం పులిహోరలో పిండుకునే నిమ్మకాయ దగ్గర! పలెర్మో చుట్టూ ఉన్న తోటల నుంచి నిమ్మకాయలు విదేశాలకు ఓడలకెత్తేవారు. ఆదాయం బాగా ఉండేది. కానీ నిమ్మచెట్టు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. నీళ్లు ఆపితే ఎండుతుంది, ఒక్క రాత్రిలో నరికేయొచ్చు. అందుకని కాపలా కావాలి. ఆ కాపలావాడే దొంగ అయితే?

1872లో గలాటి అనే డాక్టరుగారి చేతికి ఒక నిమ్మతోట వచ్చింది. పంట కాజేస్తున్న కాపలాదారును ఆయన మాన్పించేశారు. బదులుగా పెట్టుకున్న మనిషిని తుపాకీతో కాల్చి చంపారు. ఆ తర్వాత బెదిరింపు ఉత్తరాలు... పోలీసులకు చెప్పుకున్నా లాభం లేకపోయింది. చివరికి 1875లో ఆయన భార్యాబిడ్డలను తీసుకుని తోటనీ, ఇంటినీ వదిలి నేపుల్స్ వెళ్లిపోయారు. మాఫియా అంటే ఇదండీ. ఊరికే దొంగతనం కాదు, మన భయాన్నే పెట్టుబడిగా పెట్టి చేసే వ్యాపారం.

తీపి అర్థం చాటున

విశేషమేమిటంటే, ముఠావాళ్లు తమను తాము మాఫియా అనుకోరు. 'కోసా నోస్త్రా' అంటారు. అంటే 'మన వ్యవహారం' అని. బయటివాళ్లు అడిగితే మాత్రం, మాఫియా అంటే సిసిలీ వాళ్ల పౌరుషమే తప్ప ముఠా ఏమీ లేదని దబాయింపు! పిత్రెగారు కూడా అది సంఘం కాదనే రాశారు. పాత తీపి అర్థం అలా ముఠాకు ముసుగైంది. 1972లో వచ్చిన 'గాడ్ ఫాదర్' సినిమాలో కూడా, ఒత్తిడి వల్ల ఈ మాట వాడలేదు!

ఆ ముసుగు తీసింది చట్టం. 1982లో ఇటలీ మాఫియాకు చట్టంలో నిర్వచనం రాసింది. జనాన్ని భయపెట్టి, నోరు మూయించి లాభాలు పొందే ముఠా మాఫియా అని. జడ్జి జొవాన్ని ఫాల్కోనె తదితరుల దర్యాప్తుతో 1986లో పెద్ద విచారణ మొదలై, 1987 డిసెంబరులో 338 మందికి శిక్షలు పడ్డాయి. దానికి ప్రతీకారంగా 1992 మే 23న రోడ్డు కింద బాంబు పెట్టి ఫాల్కోనెని, ఆయన భార్య, తానూ జడ్జి అయిన ఫ్రాంచెస్కా మొర్విల్లోని, ముగ్గురు అంగరక్షకులను చంపేశారు.

అప్పుడు ఏం జరిగిందో తెలుసా? "చూడలేదు, వినలేదు" అనడమే అలవాటైన ఆ ఊళ్లో ఆడవాళ్లు మంచం మీది దుప్పట్లు తీసి, వాటిమీద 'ఇక చాలు' అని నినాదాలు రాసి, బాల్కనీల్లో వేలాడదీశారు. ఎవరి ఇంటి దుప్పటో వీధిలో అందరికీ తెలుసు. అంటే తమ చిరునామాతో సహా మాట్లాడారన్నమాట!

మన 'మామూలు' సంగతి?

అక్కడ కొట్ల దగ్గర ముఠా వసూలు చేసే డబ్బును 'పిట్సో' అంటారు. పిట్ట ముక్కు తడుపుకోవడం అనే మాట నుంచి వచ్చిందని చెబుతారు. ఎంత ముద్దుగా ఉందో చూడండి! 1991 జనవరిలో లిబెరొ గ్రాస్సి అనే బట్టల ఫ్యాక్టరీ యజమాని ఆ డబ్బు ఇవ్వనని పత్రికలోనే బహిరంగంగా ఉత్తరం రాశారు. అదే ఏడాది ఆగస్టులో ఆయన్ని కాల్చి చంపారు.

వాళ్లను చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. మనకీ ఒక ముద్దుమాట ఉంది... మామూలు! రోజూ ఉండేదే, వాడుకలో ఉన్నదే అని దాని అర్థం. తోపుడుబండి మీద కూరలమ్మే మనిషి దగ్గర దౌర్జన్యంగా గుంజుకునే డబ్బుకు ఆ పేరు పెట్టగానే అది తప్పులా అనిపించదు. ఆ డబ్బు చివరికి మనం కొనే వంకాయల ధరలోనే కలుస్తుంది.

కాబట్టి, వెనక బెంచీ అల్లరి పిల్లల్ని మాఫియా అనకమ్మా అని పిల్లలకు చెప్పండి. అలాగే బెదిరించి వసూలు చేసేదాన్ని మామూలు అనడం మనమూ మానేద్దాం. దోపిడీని దోపిడీ అనే పిలుద్దాం. ఏమంటారు?