మంచుబాటపై స్త్రీల దూరపు పందెములు



పుష్యమాసమున మన ఆదిలాబాదు సీమలో చలి యెంత తీవ్రమో మీరెఱుగుదురు. అయినను మన చెరువులు గడ్డకట్టవు. హాలెండు వంటి శీతలదేశములందు కాలువలే గడ్డకట్టును. అచటి జనులు పాదరక్షల క్రింద సన్నని ఉక్కుబద్దలు బిగించుకొని ఆ మంచుపై జాఱుచు పోవుదురు. దీనినే స్కేటింగందురు.

శీతకాలపు ఒలింపిక్ క్రీడలలో పురుషులకు 1924 నుండియే ఈ పందెములు కలవు. స్త్రీలకు 1960 వఱకు పతకములే లేవు. అప్పుడును మూడువేల మీటర్లే గరిష్ఠదూరము. ఐదువేల మీటర్లు, అనగా మన పాత లెక్కలో రమారమి కోసున్నర, వారికి లభించినది 1988లో, కెనడాలోని కాల్గరీ నగరమున. ఆలస్యమునకు అబలత్వము కారణము కాదు. ఆ తొలి పందెముననే హాలెండు యువతి ఇవాన్ వాన్ గెన్నిప్ 7 నిమిషముల 14 సెకండ్లలో ప్రపంచరికార్డు నెలకొల్పెను. 2022లో బీజింగున ఐరీన్ స్కౌటెన్ 6 నిమిషముల 43 సెకండ్లకే ముగించెను. మనము నడచినచో గంట పట్టును!

బాట 400 మీటర్ల చుట్టు. ఐదువేలకు పండ్రెండున్నర చుట్లు. ఇద్దఱిద్దఱు బయలుదేఱుదురు. లోపలిబాట మలుపులలో చిన్నది గనుక, ప్రతి చుట్టునను ఒకచోట బాటలు మార్చుకొనవలెను. గాలి తగులకుండ నడుము వంచి, చేతులు వీపుపై నుంచుకొని సాగుదురు. మొదటనే బలమంతయు వ్యయపఱచినది చివరి చుట్లలో తూలిపోవును. ప్రతి చుట్టును ఇంచుమించు ఒకే కాలమున ముగించుటయే ఇందలి విద్య.

ఇచట నొక విశేషము. మడమపట్టీ లేని చెప్పు తొడిగి నడచునపుడు మడమ లేచినను అట్ట నేలనే యుండును గదా? అట్లే మునివ్రేళ్లకడ కీలు గల స్కేటు నిర్మించిరి. మడమ లేచినను బద్ద మఱికొంతసేపు మంచునంటి త్రోయును. పిదప టప్పున మడమకు తగులును. 1996–97లో దీనిని పెద్దపందెములలో ముందుగా వాడి గెలిచినవారు హాలెండు స్త్రీలే. పురుషులు వెనుక ననుసరించిరి. మన పల్లెలలో ఈడేఱిన పిల్లకు పరుగే కూడదని కట్టడి చేయువారు ఈ మాట గమనింతురు గాక.

మంచులేని మనకు చక్రముల స్కేట్లు కలవు. నున్నని గట్టినేల యున్న చాలును. 2023 అక్టోబరు 2న చీనాలోని హాంగ్జౌ ఆసియా క్రీడలలో, ఒకరు మఱియొకరిని చేతితో త్రోసి పంపు మూడువేల మీటర్ల జట్టుపందెమున మన దేశపు బాలికలు 4 నిమిషముల 34 సెకండ్లలో కాంస్యము గొనిరి. వారు హీరల్ సాధు, ఆరతి కస్తూరిరాజ్, కార్తిక జగదీశ్వరన్, సంజన బత్తుల. ఈ కడపటి యింటిపేరు మన చెవులకు క్రొత్తది కాదుగదా!