కూలి స్త్రీ జీవితమునకు సాక్ష్యము

భూవసతి గల కుటుంబముల చరిత్రను పట్టాలు, దస్తావేజులు తెలుపును. నాట్లు వేసి, కలుపు తీసి, కోత కోసి జీవించిన కూలి స్త్రీ పేరు వానిలో కానరాదు. అయినను ఆమె జాడను కనుగొనుటకు మార్గము లేకపోలేదు. ఒక ఉదాహరణమును పరిశీలింతము.

1860 వ సంవత్సరము నవంబరు 16 వ తేదీన మద్రాసు నుండి బయలుదేరిన ‘ట్రూరో’ అను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవును చేరెను. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాలు ప్రాంతమునకు వెళ్లిరి. వారిలో ఉత్తర ఆర్కాటు, విశాఖపట్టణము, గంజాము మున్నగు జిల్లాల తెలుగువారు పెక్కుమంది కలరు. మొదటి యేడు పురుషునికి నెలకు 10 షిల్లింగుల కూలి. స్త్రీకి అందు సగమే.

ఓడ దిగిన ప్రతి మనిషికి ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, శరీరముపై గల పుట్టుమచ్చలు, గాయపు గుర్తులు రిజిష్టరులో వ్రాసిరి. కూలీలను అదుపులో నుంచుకొనుటకై వ్రాసిన ఈ లెక్కయే నేడు వారి మునిమనుమలకు ఆధారమైనది.

వెదకువారు మొదట ఇంటి పెద్దలు చెప్పు మాటలను వ్రాసికొందురు. పిమ్మట పాత వివాహ, మరణ పత్రములలో ఆ సంఖ్య కొరకు చూతురు. సంఖ్య దొరకినచో ఓడ రిజిష్టరులో ఆమె పుట్టిన ఊరు తెలియును. కాని నాటి గుమాస్తాలు చెవికి వినిపించినట్లు ఇంగ్లీషులో వ్రాసికొనుటచే ఊరిపేర్లు మారిపోయినవి. అట్టి పేరుతో ఎవరైన మీ గ్రామమునకు వచ్చినచో, పాత తాలూకా పేరును, శివారు పల్లెల పేర్లను, వృద్ధుల జ్ఞాపకములను సరిపోల్చి సాయపడుట పంచాయతీ సభ్యులకు సాధ్యమైన పని.

ఊరు విడువని స్త్రీ మాటేమి? ఆమెకు ఓడ రిజిష్టరు లేదు. గ్రామపు జనన మరణ రిజిష్టరే దిక్కు. అందు ‘ఫలానావాని భార్య’ అని మాత్రమే యున్నచో ఆమె జాడ అంతటితో తెగిపోవును. ఈ లోపము చరిత్రకే పరిమితము కాదు. తల్లి మరణము నమోదు కానిచో, ఆమె బిడ్డలు వారసత్వపు పత్రములకై కచేరీల చుట్టు తిరుగవలసివచ్చును.

1969 వ సంవత్సరపు చట్టము ననుసరించి జననమునుగాని మరణమునుగాని 21 దినములలోపల తెలిపినచో రుసుము లేకయే నమోదు చేయుదురు. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. కావున సభ్యులు తమ వార్డులలోని కూలి కుటుంబములకు ఈ గడువును తెలుపవలెను. స్త్రీ పేరు, ఆమె తలిదండ్రుల పేర్లు తప్పులేకుండ వ్రాయించవలెను. పాత పుస్తకములను చెదలు, తేమ తగులకుండ కాపాడించవలెను.

నేటాలు పొలములకు పోయిన స్త్రీ నుదుటి మచ్చ సయితము లెక్కలో నిలిచినది. మన ఊరిలోనే పనిచేసి మరణించిన స్త్రీ పేరైనను మన రిజిష్టరులో నిలువవలదా?